సమాధి లేని రామదాసు, చావు లేని దమ్మక్క

తెలుగువారికి కవి పుట్టిన ఊరి మీద కన్నా కవి పోయిన చోటు మీద మక్కువ ఎక్కువ. వేమన పుట్టిన ఊరేదో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు గాని, కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో ఆయన సమాధి ఉందన్న విషయంలో జనానికి సందేహం లేదు. పోతులూరి వీరబ్రహ్మం జీవసమాధి పొందిన కందిమల్లయపల్లెను ఇప్పుడు అందరూ బ్రహ్మంగారి మఠమనే పిలుస్తారు. కావేరి ఒడ్డున తిరువయ్యూరులో త్యాగరాజు సమాధి దగ్గర ఏటా పుష్య బహుళ పంచమినాడు సంగీత లోకమంతా కూర్చుని పాడుతుంది. అయితే ఖమ్మం నుంచి అడవి అంచు వెంట భద్రాచలం దాకా వెళ్లి రామదాసు సమాధి ఏదని అడిగితే చూపించేవారు లేరు. నేలకొండపల్లిలో ఆయన పేరిట ధ్యానమందిరం ఉంది. గోల్కొండలో ఆయన బందిఖానా ఉంది. భద్రాచలంలో ఆయన కట్టించిన గుడి ఉంది. పుట్టుకకూ కష్టానికీ కీర్తికీ చిరునామాలు ఉన్నాయి. చావుకు మాత్రం లేదు.

ఒక కవి ఎలా పోయాడు, ఆఖరున ఏమన్నాడు, ఎక్కడ పూడ్చారు లేదా కాల్చారు అన్నవి పైకి కులంతో సంబంధం లేని సంగతులుగా కనిపిస్తాయి. శ్మశానం మీద పద్యాలు రాసిన జాషువా అక్కడ అస్పృశ్యతకు చోటు లేదన్నాడు. అది కవి ఆశ. ఆ పద్యాలను నాటకాల్లో రాగం తీసి పాడగా విని చప్పట్లు కొట్టిన పల్లెల్లోనే ఊరి శ్మశానం ఒక దిక్కున, వాడ శ్మశానం మరో దిక్కున ఉండటం మనం చూస్తున్నాం. భక్తి సాహిత్యం బోధించేవాడిగా నేను కవుల జీవితాలను చివరి నుంచి వెనక్కు చదవడం అలవాటు చేసుకున్నాను. రామదాసు జీవితాన్ని కూడా అలాగే చదవాలని ఇక్కడ నా ప్రయత్నం.

కంచర్ల గోపన్న 17వ శతాబ్దపు మనిషి. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. నియోగి బ్రాహ్మణ కుటుంబం. పౌరోహిత్యం మీద కాక లెక్కలు, దస్తావేజులు, కరణీకం, రాజుల కొలువు మీద బతికిన శాఖ అది. పుట్టిన ఊరు నేలకొండపల్లి అప్పటికే చాలా పాతది. ఊరి పక్కనే పెద్ద బౌద్ధ స్తూపం శిథిలమై మట్టిదిబ్బగా మారిపోయింది. స్తూపం కూడా మౌలికంగా సమాధే, ధాతువుల మీద కట్టినది. అది ఎవరిదో మరిచిపోయిన ఊళ్లో గోపన్న పెరిగాడు.

గోల్కొండ ఆస్థానంలో అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని సంప్రదాయం చెబుతుంది. 1672లో అబుల్ హసన్ తానీషా సింహాసనం ఎక్కిన తరువాత మాదన్న రాజ్యంలో తిరుగులేని మంత్రి అయ్యాడు. ఖజానా ఆయన చేతిలోకి వచ్చింది. ఆ దన్నుతో మేనల్లుడికి పాల్వంచ పరగణా తహశీల్దారు పదవి దక్కింది. ఈ ముక్కను భక్తి చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు మాత్రం ఇది కథకు ఇరుసులా కనిపిస్తుంది. రాజు ముస్లిం, మంత్రి బ్రాహ్మణుడు, పరగణా అధికారి ఆయన మేనల్లుడు. శిస్తు కట్టేవాడు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆ మట్టిలో పనిచేసేవాడే. గోల్కొండ రాజ్యాన్ని హిందూ ముస్లిం గొడవగా చూపే సినిమా కళ్లద్దాలు తీసి చూస్తే, పైన ఎవరున్నా కింద పల్లెకు ఎదురుపడే ప్రభుత్వం శిస్తు వసూలుకు వచ్చే ఉద్యోగే. ఆ ఉద్యోగం ఎవరికి దక్కాలో చదువు, చదువు ఎవరికి దక్కాలో కులం నిర్ణయించేవి.

పాల్వంచ పరగణాలో చాలా భాగం అడవి. గోదావరి దాటితే కోయలు, కొండరెడ్లు. ఆ నది ఒడ్డున గోపన్న వెళ్లేసరికే ఒక దేవుడు ఉన్నాడు, ఆ దేవుడికి ఒక పూజారిణి ఉంది. ఆమె పేరు పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెం అనే పల్లెలో ఉండేదని, పుట్టలో విగ్రహాలు ఉన్నాయని ఆమెకు కల వచ్చిందని, గోదావరి నీళ్లు తెచ్చి పోసి పుట్ట కరిగించి విగ్రహాలను బయటికి తీసిందని, వాటికి పందిరి వేసి రోజూ తాటిపండ్లు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం చెబుతుంది. గుడి లేదు, గోపురం లేదు, ఆగమం లేదు, మంత్రం లేదు. పందిరి, పండు, నీళ్లు. ఈ దేశంలో ఎన్నో పెద్ద దేవాలయాల తొలి అధ్యాయం ఇలాగే ఉంటుంది. అడవి మనిషికి కల వస్తుంది, కొండ మనిషికి విగ్రహం దొరుకుతుంది. రెండో అధ్యాయంలో రాజో మంత్రో అధికారో వస్తాడు. మూడో అధ్యాయం నాటికి అడవి మనిషి కథలో ఉండదు. పూరీ జగన్నాథుడిని మొదట పూజించినవాడు విశ్వావసువనే శబరుడని చెప్పే కథ నడక కూడా ఇదే.

భద్రాచలం జాతరకు వెళ్లే యాత్రికులు గోపన్నను సాయం అడిగారని, ఆయన వచ్చి పందిరి కింద ఉన్న రాముడిని చూసి చలించిపోయాడని కథ. రామాలయం కట్టించాడు. సీతమ్మకూ రాముడికీ లక్ష్మణుడికీ నగలు చేయించాడు. డబ్బు ఎక్కడిది? పంట చేతికి వచ్చాక చందాలు ఇస్తామని జనం మాట ఇచ్చారని, ఆ మాట నమ్మి ఖజానాకు చేరవలసిన శిస్తును గుడికి ఖర్చు పెట్టాడని, అది ఆరు లక్షలైందని ఒక కథనం. మొత్తం మీద అన్ని కథనాలూ ఒప్పుకునే విషయం ఒకటే. సొంత ఆస్తి అమ్మి కట్టిన గుడి కాదు అది. పరగణా సొమ్ముతో కట్టిన గుడి.

లెక్క తేలక గోల్కొండలో ఖైదు చేశారు. పన్నెండేళ్లని ప్రసిద్ధి. కోటలో చూపించే ఆ గది పైకప్పు రంధ్రంలోంచి పడే వెలుగు, గోడ మీద ఆయన చెక్కుకున్నాడని చెప్పే రామ, లక్ష్మణ, ఆంజనేయ ప్రతిమలు చూసినవారికి గుర్తుండే ఉంటాయి. ఆ గదిలోనే గోపన్న రామదాసు అయ్యాడు. తెలుగు కీర్తన సాహిత్యంలో ఆయన పాటలకు సాటిలేని గుణం ఒకటుంది. అవి ప్రార్థనలు కావు, అర్జీలు. ఒక రెవెన్యూ ఉద్యోగి తన పై అధికారికి పెట్టుకున్న అర్జీలు. ఫలానా నగకు ఇంత, ఫలానా ప్రాకారానికి ఇంత అని పద్దులు వల్లిస్తాడు. దెబ్బలకు ఓర్వలేక తిడతాడు, మరుక్షణమే తిట్టినందుకు క్షమించమంటాడు, సీతమ్మను సిఫారసు చేయమని వేడుకుంటాడు. దేవుడితో ఇంత బాహాటంగా డబ్బు లెక్క మాట్లాడిన కవి మనకు మరొకడు లేడు. ఆయన పేరిట ఉన్న దాశరథీ శతకం పద్యం నేర్చినవారి సొత్తయింది. కీర్తనలు మాత్రం ఊరూరా రామభజన మందిరాలకు, మాలపల్లెల్లో చిడతలు పట్టిన భజన బృందాలకు కూడా చేరాయి. తహశీల్దారు దగ్గరకు నేరుగా పోలేని మనిషి ఆయన పాటను మాత్రం తనదిగా చేసుకున్నాడు. కష్టంలో ఉన్నవాడు పైవాడిని నిలదీసే గొంతు అందులో ఉండటమే అందుకు కారణమని నేను అనుకుంటాను.

ఆ పాటల్లో ఒకచోట ఆయన రాముడి మీద విసురుతాడు. ఈ నగలు పెట్టుకుని కులుకుతున్నావు, ఇది మీ నాన్న దశరథుడు పెట్టిన సొమ్మా, మీ మామ జనకుడు పంపిన సొమ్మా అన్న అర్థంలో. బ్రహ్మాండమైన ప్రశ్న. అయితే ఆ ప్రశ్నను ఇంకొక్క మెట్టు కిందికి దించి చూడాలి. అది గోపన్న తండ్రి లింగన్న సొమ్ము కూడా కాదు. తానీషా తాతలు సంపాదించిన సొమ్ము కూడా కాదు. కథ ముగింపులో రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీ అనే సేవకుల రూపంలో రాత్రివేళ తానీషా పడకగదికి వెళ్లి ఆరు లక్షలూ లెక్కపెట్టి చెల్లించి రసీదు తీసుకుంటారు. ఖైదు ముగుస్తుంది. అంటే దేవుడి దృష్టిలో కూడా బాకీ గోల్కొండ ఖజానాకే. శిస్తు కట్టిన రైతుకూ, పొలంలో వెట్టి చేసినవాడికీ, అడవి సరుకు దించినవాడికీ ఎవరూ రసీదు ఇవ్వలేదు. మూడు శతాబ్దాలుగా ఈ కథ చెప్పుకుంటున్న మనం వాళ్ల బాకీ సంగతి అడగలేదు.

ఆ తరువాతి కథ క్లుప్తం. విడుదలైన రామదాసు భద్రాచలం చేరి రాముడి సేవలో మిగిలిన కాలం గడిపాడంటారు. తానీషా సీతారామ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ పెట్టాడు. నిజాంల కాలంలోనూ సాగి, నేటికీ ప్రభుత్వం తరఫున ఆ తలంబ్రాలు వెళుతున్నాయి. మరి రామదాసు అంతిమ ఘడియ? వైకుంఠం నుంచి విమానం వచ్చిందని, బొందితోనే ఆయన వెళ్లిపోయాడని హరికథలు ముగిస్తాయి. ఆఖరి మాట ఏమిటో ఏ గ్రంథమూ భద్రపరచలేదు. జీవితమంతా మాటలతో గడిపినవాడు, రాముడిని క్షణం ఊపిరి తీసుకోనివ్వకుండా వాదించినవాడు, చివరకు ఏమన్నాడో మనకు తెలియదు.

సమాధి లేకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. గృహస్థు బ్రాహ్మణుడిని దహనం చేస్తారు, అస్థికలు నదిలో కలుపుతారు, గుర్తు మిగలదు. సన్యాసిని మాత్రం పూడుస్తారు. త్యాగరాజుకు సమాధి ఎందుకుందంటే 1847 జనవరిలో కన్నుమూయడానికి కొద్ది రోజుల ముందు ఆయన సన్యాసం తీసుకున్నాడు కాబట్టి. ప్రహ్లాద భక్తి విజయంలో రామదాసును స్మరించిన ఆయన రామభక్తిలో ఆ పరంపరకు చెందినవాడే. ఇద్దరూ బ్రాహ్మణులే. ఆశ్రమం మారడంతో ఒకరికి రాయి మిగిలింది, ఇంకొకరికి విమానం మిగిలింది.

అయితే మిగిలిన ఆ రాయిని కాపాడింది ఎవరు? త్యాగరాజు సమాధి పాడుబడి ఉందన్న కబురు విని బెంగళూరు నాగరత్నమ్మ తిరువయ్యూరు వెళ్లారు. ఆమె దేవదాసీ కులంలో పుట్టిన గాయని. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించి సంస్కర్తల ఆగ్రహానికి గురైన మనిషి. 1920లలో ఆమె తన సొమ్ముతో త్యాగరాజుకు గుడి కట్టించారు. కట్టించిన చోట జరిగే ఆరాధనలో ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్నారు. ఆమె స్త్రీలతో వేరే ఆరాధన జరిపి, చివరకు అందరితో సమానంగా పాడే హక్కు సాధించారు. 1952లో ఆమె మరణించాక ఆమె స్మారకాన్ని త్యాగరాజు సన్నిధికి ఎదురుగానే నిలిపారు. ఒక తెలుగు వాగ్గేయకారుడి సమాధి ఇవాళ మనకు కనిపిస్తున్నదంటే, సభలోకి రానివ్వని కులపు స్త్రీ దాన్ని వెతికి నిలబెట్టడం వల్ల.

విమానం సంగతికి వస్తాను. బొందితో వైకుంఠానికి వెళ్లిన కవులు మనకు ఇంకా ఉన్నారు. మరాఠీ దేశంలో తుకారాం కథ కూడా విమానంతోనే ముగుస్తుంది. ఆయన కుణబీ, శూద్రుడు. దేవుడి గురించి పద్యం చెప్పే హక్కు లేదని బ్రాహ్మణులు ఆయన పుస్తకాలను నదిలో వేయించారని ఆయన చరిత్రలోనే ఉంది. అందుకే ఆ విమానాన్ని నమ్మని ఆధునికులు, శవం దొరకని ఆ ముగింపు వెనుక హత్య ఉందేమోనని బహిరంగంగానే అడిగారు. దళిత నందనార్ చిదంబరంలో అగ్నిలో దిగి శుద్ధుడై శివుడిలో కలిసిపోయాడంటారు. అక్కడా శవం లేదు, ప్రశ్న ఉంది. రామదాసు విమానం గురించి అలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు, వేయవలసిన అవసరమూ లేదు. ఒకే అద్భుతం ఒక కులపు కవి విషయంలో సన్మానంగానూ, ఇంకో కులపు కవి విషయంలో అనుమానంగానూ ఎందుకు వినిపిస్తుందో విద్యార్థులు ఆలోచించవచ్చు.

వీళ్లందరిలో నాకు మరవరాని సమాధి చోఖామేళాది. మహర్ కులంలో పుట్టిన ఈ 14వ శతాబ్దపు అభంగ కవిని పండరిపురం గుడిలోకి ఎప్పుడూ రానివ్వలేదు. మంగళవేఢెలో గోడ కట్టే పనికి పోయి, ఆ గోడ కూలి తోటి కూలీలతో పాటు చనిపోయాడు. కుప్పలో ఎవరి ఎముకలు ఎవరివో తెలియలేదని, విఠలుడి పేరు పలుకుతున్న ఎముకలను చెవికి ఆనించి విని నామదేవుడు ఏరి తెచ్చాడని కథ. ఎముకలు పలికిన ఆ నామమే చోఖామేళా ఆఖరి మాట. ఆ ఎముకలను పండరిపురంలో పూడ్చారు, గుడి మహాద్వారం మెట్ల దగ్గర, బయట. బతికి ఉండగా ఎక్కడిదాకా రానిచ్చారో చచ్చాక కూడా అక్కడిదాకానే. అంబేద్కర్ 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకాన్ని అంకితమిచ్చిన ముగ్గురు భక్తులలో నందనార్, రవిదాస్‌లతో పాటు చోఖామేళా కూడా ఉన్నాడు.

రామదాసు కథలో అధికారం చలాయించినవారి సమాధులు మాత్రం చరిత్రకు తెలుసు. 1686లో గోల్కొండలో ప్రత్యర్థులు అక్కన్న మాదన్నలను హత్య చేశారు, మాదన్న తలను మొగలు శిబిరానికి పంపారు. హైదరాబాద్ పాతబస్తీలో వారి పేరిట ఉన్న గుడి బోనాలకు ప్రసిద్ధి. మరుసటి ఏడాది కోట ఔరంగజేబు వశమైంది. తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. రామదాసును పన్నెండేళ్లు ఖైదు చేసిన రాజు తానూ అంతే కాలం ఖైదీగా ఉండి అక్కడే చనిపోయాడు. గోల్కొండ పక్కన తన వంశీకులంతా పడుకున్న ఏడు గుమ్మటాల దగ్గర ఆయనకు చోటు దక్కలేదు. ఖుల్దాబాద్‌లో పూడ్చారు. తరువాత 1707లో ఔరంగజేబును కూడా అదే ఊళ్లో పూడ్చారు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే ఊరి మట్టిలో ఉన్నారు.

సరే, దమ్మక్క? ఆమె ఎప్పుడు పోయింది, ఎక్కడ పూడ్చారు, పందిరి స్థానంలో గోపురం లేస్తున్నప్పుడు ఆమె ఎక్కడ నిలబడి చూసింది, కొత్త అర్చకులు వచ్చాక ఆమె తాటిపండ్లు ఎవరు తీసుకున్నారు? స్థలపురాణంలో వీటికి జవాబు లేదు. ఆమెకు విమానం కూడా రాలేదు. ఇటీవలి కాలంలో దేవస్థానం ఆమె పేరిట సేవాయాత్ర జరుపుతున్నది, మంచిదే. ఆ రోజున ఆదివాసులు గుడికి వచ్చి వెళతారు. కానీ అది పుట్టలోంచి దేవుడిని తీసిన దమ్మక్క ఉత్సవం. ముసలిదై చనిపోయిన దమ్మక్క గురించి ఎవరికీ కథ లేదు. రామదాసుకు సమాధి లేకపోవడం ఆయన మహిమకు రుజువైంది. దమ్మక్కకు సమాధి లేకపోవడం ఎవరి దృష్టికీ రాలేదు. ఒకే లేమికి రెండు అర్థాలు.

ఇందులో ఉన్న వైపరీత్యం చూడండి. చనిపోయినవారికి రాయి నిలిపే ఆచారం బ్రాహ్మణ గృహస్థుది కాదు. అది దమ్మక్క జనానిది. కోయలు తమ పెద్దలు పోతే గుర్తుగా నిలువురాళ్లు పాతేవారు, చిన్న బండల గూళ్లు కట్టేవారు, కర్మకాండలో కోసిన ఆవు తోకను ఆ రాతికి కట్టేవారు. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెం మిషన్‌లో ఉండి భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాసిన జాన్ కేన్ వంటివారి రచనలలోనూ, 1940లలో కొండరెడ్ల మీద పుస్తకం రాసిన హైమెండార్ఫ్ వంటి మానవశాస్త్రవేత్తల రచనలలోనూ ఈ అడవుల అంత్యక్రియల వివరాలు దొరుకుతాయి. పినపాక దగ్గర జానంపేటలో ఇనుప యుగం నాటి రాతి సమాధులు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిని కట్టినవారే నేటి కోయల పూర్వీకులని చెప్పడానికి ఆధారం కావాలి, నేను ఆ మాట అనడం లేదు. గోదావరి ఒడ్డున చనిపోయినవారి కోసం రాయి ఎత్తడం రామాలయం కన్నా చాలా పాత పని అని మాత్రమే అంటున్నాను. రామదాసుకు పేరుంది, రాయి లేదు. ఈ అడవిలో రాళ్లున్నాయి, వాటి మీద పేర్లు లేవు.

పేర్లు అసలు లేవనడం కూడా పొరపాటే. అవి రాతి మీద లేవు, నోట్లో ఉన్నాయి. పండుగకూ చావుకూ డోలు వాయించి కోయ గోత్రాల వంశచరిత్రలు పాడేవారు డోలీలు. సమ్మక్క సారలమ్మల కథను, పగిడిద్దరాజు కథను పడిగె గుడ్డ మీద బొమ్మలు చూపుతూ తరతరాలుగా మోసుకొచ్చినది వారే. రామదాసు కీర్తనలు తాళపత్రాలకెక్కి, అచ్చుకెక్కి, గ్రామఫోన్ రికార్డులకెక్కాయి. డోలీ పాట గాయకుడి దేహంలోనే ఉండిపోయింది. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొందేదాకా ఈ విద్యకు కవిత్వమని పేరు పెట్టాలని విశ్వవిద్యాలయాలకు తోచలేదు. 2024 జూన్‌లో ఆయన మరణించారు. ఆయనతో పాటు ఎన్ని పూర్వీకుల పేర్లు వెళ్లిపోయాయో లెక్కపెట్టగలిగినవారు ఆయన వాడలోనే ఉంటారు తప్ప తెలుగు శాఖల్లో ఉండరు.

ఇదంతా పాత కథే అయితే దినపత్రికలో ఇంత స్థలం అడిగేవాడిని కాదు. భద్రాచలం డివిజన్ 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మంలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు కోసం అక్కడి మండలాలను మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రాముడు ఒక రాష్ట్రంలో మిగిలాడు, రాముడి మాన్యాలున్న పురుషోత్తపట్నం మరో రాష్ట్రంలోకి పోయింది. ఆ భూముల మీద తగవు పత్రికలకెక్కుతూనే ఉంది. దేవుడి భూమికి పాసుపుస్తకాలున్నాయి, న్యాయవాదులున్నారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో మునిగే కోయ, కొండరెడ్డి పల్లెల పాత శ్మశానాలకు ఎవరున్నారు? ప్రాజెక్టు మొత్తంలో నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైనే. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఈ పల్లెల్లో చాలా వాటికి ముంపు అంటే ఏమిటో ముందుగానే తెలిసింది.

2013 భూసేకరణ చట్టాన్ని మా విద్యార్థులతో కలిసి చదువుతుంటాను. దాని మూడో షెడ్యూలులో పునరావాస కాలనీలో ఏమేమి ఉండాలో జాబితా ఉంది. రోడ్లు, మురుగు కాల్వలు, తాగునీరు, బడి, రేషన్ దుకాణం. వాటి మధ్య శ్మశానం కూడా ఉంది, అది అక్కడి కులసముదాయాలను బట్టి, వారి ఆచారాలను బట్టి ఉండాలన్న షరతుతో. పార్లమెంటు ఆమోదించిన చట్టంలో శ్మశానానికి కులం ఉందని ఇంత నిక్కచ్చిగా ఒప్పుకోవడం చూసి జాషువా ఏమనేవాడో. ఆదివాసి ఆచారాన్ని కాపాడటానికి ఆ వాక్యం పనికొస్తుంది, నిజమే. దళితుడిని వేరే మూలకు తోయడానికీ అదే వాక్యం పనికొస్తుంది. రెండింటికీ పనికొచ్చే మాటలు రాయడంలో మన శాసనకర్తలు సిద్ధహస్తులు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ వాక్యం ఇకముందు చనిపోబోయేవారి కోసం రాసినది. కొత్త ఊళ్లో చోటు ఇవ్వాలంటుంది. పాత ఊళ్లో ఇప్పటికే పడుకుని ఉన్నవారి ఊసు అందులో లేదు.

ప్రాజెక్టులో మొదటి దశ నీటిమట్టం 41.15 మీటర్లు, పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని ఊళ్లు ఉన్నాయో ఇంజనీర్లకు తెలుసు, ఎన్ని నిలువురాళ్లు ఉన్నాయో ఎవరూ లెక్కించి ప్రకటించలేదు. దేవాలయాలు మునిగితే తరలించే పద్ధతి మనకు కొత్త కాదు. శ్రీశైలం జలాశయం కింద పడబోయిన ఆలయాలను రాయి రాయికీ గుర్తు వేసి ఆలంపురంలో తిరిగి కట్టిన రాష్ట్రం మనది. నాగార్జునసాగర్ కింద మునిగిన విజయపురి కట్టడాలను కొండ మీదికి చేర్చిన చరిత్ర ఉంది. ఆ శ్రద్ధలో పదో వంతు ఈ రాళ్ల మీద పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ముందుగా వాటిని ఊరివారీగా రాసిపెట్టాలి, ఏ రాయి ఎవరిదో పెద్దలు చెప్పిన పేరుతో సహా. ప్రభుత్వం చేయకపోతే చరిత్ర, మానవశాస్త్ర, తెలుగు శాఖలు చేయాలి. ఏటా మా శాఖల్లో ఎం.ఏ. విద్యార్థులు చేసే ప్రాజెక్టులు చాలావరకు అచ్చయిన పుస్తకాల మీద రాసే వ్యాసాలే. వాటిలో కొన్నింటిని ఈ పనికి మళ్లించడానికి ప్రత్యేక నిధులు కూడా అక్కర్లేదు. వేసవిలో రెండు నెలలు, బస్సు చార్జీలు, ఒక ఫోను, కోయ భాష తెలిసిన సహాధ్యాయి ఉంటే చాలు. ఆ సహాధ్యాయి మన తరగతి గదుల్లోనే వెనుక బెంచీలో ఉన్నాడు. గూడెంలో మొదట పలకరించవలసింది సర్పంచిని కాదు, డోలీని.